బ్రాకెట్లో గున్నమ్మ

గున్నమ్మ టైమాఫీసు కిటికీ బయట నిలబడి పావుగంటయింది. లోపలున్నవాళ్ళెవరూ తలెత్తి చూడలేదు. ఆమె జడలోనూ రవిక భుజాల మీదా కనురెప్పల మీదా జనపనార నూగు పట్టి ఉంది. దాన్ని దులుపుకోవాలన్న ధ్యాస కూడా ఆమెకి లేదు. చుట్టచుట్టిన కేలండర్లు రెండు చంకలో పెట్టుకుని, ఊచల్లోంచి లోపలి కంప్యూటర్నీ దాని ముందు కూర్చున్న కొత్త పెళ్ళికూతుర్నీ మార్చి మార్చి చూస్తోంది.

కొత్త పెళ్ళికూతురు శైలజ. పెళ్ళయి నలభై రోజులు, ఉద్యోగంలో చేరి మూడు వారాలు. మెట్టెలు ఇంకా అలవాటు కాలేదు. బల్ల కింద చెప్పులు విడిచేసి, కాలివేళ్ళు ఆడిస్తూ, ఆ చిన్న చప్పుడు తనకే వినబడుతుంటే తనలో తనే నవ్వుకుంటూ పనిచేస్తుంది. ఇప్పుడు కూడా అలాగే నవ్వుతూ తలెత్తి, కిటికీలో మొహం చూసి ఉలిక్కిపడింది.

"ఏటప్పా, ఏటి కావాలి?"

"ఆ కాయితంలో నా పేరు నేదు పాపా."

కాయితం అంటే పొద్దున్న నోటీసుబోర్డుకి అంటించిన లిస్టు. ఈ మిల్లులో ఎవరైనా పనికి రాకపోతే వాళ్ళ చోట లోపలికి పిలిపించుకునే ఆడవాళ్ళు, మగవాళ్ళు నూట ఎనభై మంది దాకా ఉన్నారు. వాళ్ళని బదిలీవాళ్ళంటారు. ఏప్రిల్ నుంచి మార్చి దాకా రెండొందల నలభై రోజులు పనిచేసినవాళ్ళని పర్మనెంటు చేసి, నెంబరు కొట్టిన ఇత్తడి టోకెను ఇస్తారు. టోకెను ఉంటే తిన్నగా లోపలికి వెళ్ళిపోవచ్చు. లేకపోతే రోజూ గేటు దగ్గర నిలబడి, పేరు పిలుస్తారా లేదా అని చూడాలి.

రెండో బల్ల దగ్గర కూర్చున్న టైమాఫీసరు యుగంధర్ కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "ఎన్ని రోజులొచ్చావు నువ్వు?"

"రెండొందల డెబ్బయ్యి రెండు."

"శైలజా, ఎంతుందమ్మా?"

శైలజ వెతికింది. "నూట ఎనభై ఏడు సార్."

"విన్నావు కదా. కంప్యూటర్లో నూట ఎనభై ఏడుంది."

"కంప్యూటరొచ్చి సూసినాదేటి బాబూ? వైండింగులో నా పక్కన కూకుని కండెలు సుట్టినాదేటి?"

యుగంధర్‌కి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. గున్నమ్మ కేలండర్లు విప్పి ఊచలకి ఆనించి పట్టుకుంది. కిరాణాకొట్టువాళ్ళు ఇచ్చినవి, నిరుటిదొకటి, ఈ ఏటిదొకటి. తారీకుల గళ్ళలో నల్లటి చుక్కలు.

"పనికెల్లిన రోజు కాటుక సుక్క. ఎల్లని రోజు కాళీ. అబద్ధమైతే నా కళ్ళు పోతాయి."

"కేలండర్లు సాక్ష్యాలు కావమ్మా. ఇవాళ నువ్వు కేలండరు తెచ్చావు. రేపింకోడు గోడ పట్టుకొస్తాడు. అభ్యంతరం ఉంటే శుక్రవారం సాయంత్రంలోగా కాగితం రాసివ్వు. శనివారం లిస్టు హెడ్డాఫీసుకి వెళ్ళిపోతుంది."

"రాత వస్తే ఈ సుక్కలెందుకు బాబూ?" అని గున్నమ్మ శైలజ వైపు తిరిగింది. గొంతు తగ్గింది. "నాకీ ఆగస్టుతో నలభయ్యైదు నిండుతాయి పాపా. ఆ తరవాత టోకెనియ్యరు. ఈ ఏడు పోతే ఇంక నేదు. పదకొండేళ్ళ నుంచి గేటు కాడ నిలబడతన్నాను."

శైలజ ఊచల మధ్య నుంచి చెయ్యి చాచింది. "అవి నా దగ్గర ఉంచుతావా అప్పా?"

గున్నమ్మ పాత కేలండరు వెంటనే ఇచ్చేసింది. కొత్తది ఇవ్వడానికి ఒక్క క్షణం ఆలోచించింది.

"ఇది సాయంత్రానికి ఇచ్చీయాల. ఇవాల్టి సుక్క పెట్టాల."

*

మధ్యాహ్నం యుగంధర్ భోజనానికి వెళ్ళాక శైలజ ముందు నిరుటి ఏప్రిల్ నుంచి మొన్నటి మార్చి దాకా చుక్కలు లెక్కపెట్టింది. పెన్సిలు మొనతో ఒక్కో గడీ తాకుతూ, నెలాఖరుకి వచ్చినప్పుడల్లా చిత్తుకాగితం మీద అంకె వేస్తూ. రెండొందల డెబ్బయ్యి రెండు. మళ్ళీ లెక్కపెట్టింది. అంతే.

తర్వాత కంప్యూటర్లో షీటు తెరిచింది. దాన్ని మిల్లులో అందరూ 'గిరిబాబు షీటు' అంటారు. గిరిబాబు ఆమె భర్త. రెండేళ్ళ క్రితం ఇదే కుర్చీలో కూర్చునేవాడు, ఇప్పుడు డిస్పాచ్ సెక్షన్లో గోనెసంచుల బేళ్ళు లెక్కచూసి లారీలకి ఎక్కిస్తున్నాడు. ఈ షీటంటే శైలజకి వల్లమాలిన ప్రేమ. పెళ్ళిచూపుల నాడు పెద్దవాళ్ళు ఇద్దర్నీ మేడ మీదకి పంపితే అతను ఇరవై నిమిషాలు మాట్లాడాడు. అందులో పదిహేను నిమిషాలు ఈ షీటు గురించే. "వీలుకప్ అని ఒక ఫార్ములా ఉందండీ, మీరు బీయస్సీ కంప్యూటర్స్ కదా, మీకు తెలిసే ఉంటుంది" అంటూ గాలిలో వేలితో గళ్ళు గీసి చూపించాడు. ఆ వేలు చూసే ఆమె ఒప్పుకుంది.

నెలకో పేజీ. పేజీలో మనిషికో వరస, రోజుకో గడి, చివర మొత్తం. అన్నిటికీ ముందు ఏడాది పేజీ. అందులో గున్నమ్మ పేరు పక్కన ఏప్రిల్ కింద ఇరవై ఒకటి, మే కింద తొమ్మిది, జూన్ కింద పదిహేడు. అలా పన్నెండు నెలలు, చివర నూట ఎనభై ఏడు.

ఆ కింద వరసలో ఇంకో గున్నమ్మ. నూట ఎనభై ఏడు.

ఆ కిందదీ గున్నమ్మే. నూట ఎనభై ఏడు.

శైలజ కాలివేళ్ళు కదలడం మానేశాయి. నెలనెలా పోల్చి చూసింది. ముగ్గురూ ఏప్రిల్లో ఇరవయ్యొక్క రోజులే, మేలో తొమ్మిదే, జూన్‌లో పదిహేడే వచ్చారు. ముగ్గురు మనుషులు ఏడాది పొడుగునా ఒకే రోజులు వచ్చి, ఒకే రోజులు మానేస్తారా? కవలలు కూడా అలా బతకరు. పైకి వెళ్ళింది. జగ్గమ్మలు ఇద్దరు, ఇద్దరికీ రెండొందల అరవై రెండు. ఇద్దరూ లిస్టులో ఉన్నారు.

గడి మీద నొక్కి ఫార్ములా చదివింది. 'ఈ పేరు ఏప్రిల్ పేజీలో ఎక్కడుందో వెతుకు, దాని పక్కనున్న మొత్తం పట్టుకురా.' అది చెప్పిన పని చెప్పినట్టే చేస్తోంది. పెళ్ళి పందిట్లో "సూర్యారావు గారూ" అని కేకేస్తే ముందు వరసలో ఉన్న సూర్యారావే లేచొస్తాడు. వెనకున్న ఇద్దరు సూర్యారావులూ కూర్చునే ఉంటారు. ఫార్ములా కూడా అంతే, పేరు మొదట ఎక్కడ కనబడితే అక్కడ ఆగిపోతుంది. ముగ్గురు గున్నమ్మల కోసం మూడుసార్లు వెళ్ళి మూడుసార్లూ పైనున్న గున్నమ్మనే పట్టుకొచ్చింది.

పోనీ వెతకడం మానేసి కూడమంటే? ఒక గడిలో వేరే ఫార్ములా వేసి చూసింది. గున్నమ్మ: ఆరొందల ముప్పై రెండు రోజులు. ఏడాదికి ఉన్నవి మూడొందల అరవై అయిదే. శైలజ ఒక్కర్తే గట్టిగా నవ్వేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నవ్వు మధ్యలో ఉండగానే ఇంకోటి గుర్తొచ్చింది. గేటు దగ్గర టైంకీపరు అప్పలసూరి రాసే రిజిస్టర్లో ఒట్టి గున్నమ్మ ఎవరూ ఉండరు.

ఉద్యోగంలో చేరిన మొదటిరోజే ఆమె అది చూసింది. అప్పలసూరికి అరవైకి దగ్గర వయసు. కళ్ళజోడుకి ఒక కాడ పోతే నారతాడు కట్టుకున్నాడు. ప్రతి పేరు పక్కనా బ్రాకెట్టు గీసి, అందులో ఆ మనిషిని ఊరు ఎలా పిలుస్తుందో రాస్తాడు. క్యాంటీన్లో ఇంకో శైలజ ఉంది కాబట్టి ఆ రోజు 'శైలజ (గిరిబాబు)' అని రాసి సంతకం పెట్టమన్నాడు. మగ్గాల దగ్గర ఫిట్టరు ఇంకో గిరిబాబు ఉన్నాడు కాబట్టి పై వరసలో 'గిరిబాబు (డిస్పాచ్)' అని ఉంది. బ్రాకెట్లో మొగుడి పేరు పక్కన మొదటిసారి సంతకం పెడుతుంటే ఆమెకి మళ్ళీ పెళ్ళయినంత సిగ్గేసింది.

శైలజ ఇవాళ్టి రిజిస్టరు పేజీ తెరిచి, చూసి, కంప్యూటర్లో టైపు చేసింది: గున్నమ్మ (బోరింగు). మూడు వారాలుగా చేస్తున్నట్టే పైనున్న ఆకుపచ్చ బొత్తాం నొక్కింది. అది గిరిబాబు రాసిన మాక్రో. పేర్లలో ఎక్కువ తక్కువలు సర్దుతుందని చెప్పారు. ఆమె ఎప్పుడూ బొత్తాం నొక్కి, తర్వాతి పనిలో పడిపోయేది. ఇవాళ చూస్తూ నొక్కింది.

బ్రాకెట్టూ, అందులోని బోరింగూ మాయమైపోయాయి. గున్నమ్మ ఒక్కర్తే మిగిలింది.

*

గిరిబాబు సాయంత్రం స్కూటరు ఆపి, రోడ్డు పక్క తాటిముంజెలు కొన్నాడు. రాజాం ఊళ్ళోకి వచ్చే ముందు కల్వర్టు గట్టు మీద కూర్చుని తినడం పెళ్ళయినప్పటినుంచీ వాళ్ళకి పండగ. శైలజ బొటనవేలు గుచ్చి తింటుంటే నీళ్ళు మోచేతి దాకా కారేవి, అతను తన జేబురుమాలు ఇచ్చేవాడు. ఇవాళ ఆమె ముంజె చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

"ఏటి, మూగనోము పట్టావా?"

"ఏవండీ, వీలుకప్‌లో ఒకే పేరు ముగ్గురికి ఉంటే ఏమవుతుంది?"

"మొదటిదే వస్తాది. అది అందరికీ తెలిసిందే కదా." అతను ముంజె నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "ఎందుకు?"

ఆమె చెప్పింది. ముగ్గురు గున్నమ్మల సంగతి, నూట ఎనభై ఏడు సంగతి, కాటుక చుక్కల సంగతి. ఆకుపచ్చ బొత్తాం సంగతి చివర చెప్పింది, మెల్లగా, ముంజెకాయ వైపు చూస్తూ.

"ఆ బ్రాకెట్లుంటే పేర్లు కలిసేవి కావు శైలూ," అన్నాడతను. "ఒక నెల బోరింగు అని రాస్తాడు, ఒక నెల బోరింగు కాడ అని రాస్తాడు. పేజీ అంతా ఎర్రర్లే. అందుకే తీసేసే మాక్రో రాశాను. అప్పుడు అందరూ ఎంత మెచ్చుకున్నారో తెలుసా? రెండ్రోజుల పని పది నిమిషాల్లో అయిపోయింది."

"తెలుసు. మేడ మీద చెప్పారు."

అతను నవ్వలేదు. చేతిలో ముంజె గట్టు మీద పెట్టేశాడు. "సూరి అప్పుడే చెప్పాడు. 'బాబూ, ఆ ముక్క తీసీకండి, మనిషి పోతాది' అని. నీకు కంప్యూటర్ తెలీదులే అన్నాను."

ఇంటికి వెళ్ళేటప్పుడు స్కూటరు మీద మాటల్లేవు. నలభై రోజుల్లో ఇదే మొదటిసారి. శైలజ అతని భుజం మీద చెయ్యి వేయాలా వద్దా అని సెంటరు దాకా ఆలోచించి, గతుకు రాగానే వేసేసింది. అతను కాదనలేదు గానీ వెనక్కి తిరగలేదు కూడా.

బుధవారం పొద్దున్న లేచేసరికి అతను లేడు. వంటింట్లో గిన్నె మీద మూత, కింద ఉప్మా, ఉప్మాలో ఉప్పు లేదు. ఆమె ఆటోలో మిల్లుకి వెళ్ళింది.

గేటు గదిలో పాత బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. నేల మీద పన్నెండు రిజిస్టర్లు వరసగా పేర్చి ఉన్నాయి. గిరిబాబు గోనెసంచి పరుచుకుని కూర్చుని, ఒక్కోటీ తీసి దుమ్ము దులుపుతున్నాడు. తలంతా బూడిదరంగు. పక్కన బల్ల మీద అప్పలసూరి టీ తాగుతున్నాడు.

"మీ ఆయనొచ్చి, బాబయ్యా నాకు నీ రిజిస్టర్లు కావాలి అన్నాడమ్మా," అన్నాడు అప్పలసూరి శైలజతో. "రెండేళ్ళ నుంచి నన్ను సూరీ అన్నోడు ఇవేళ బాబయ్యా అన్నాడు. ఏటోలే, పెళ్ళయితే మగోడికి బుద్ధొస్తాది అనీవోరు మావోలు."

"బాబయ్య అన్నట్టు బుద్ధొచ్చిందా మరి?" అంది శైలజ గిరిబాబుతో.

"ముందు రాసుకో," అన్నాడు గిరిబాబు రిజిస్టరు తెరుస్తూ. అతని మొహం ఇంకా బిగిసే ఉంది గానీ చెవులు ఎర్రబడ్డాయి. శైలజకి ఆ చెవులు చూడగానే ప్రాణం లేచొచ్చింది.

*

నెలపేజీల్లో రోజులు సరిగ్గానే ఉన్నాయి. ఏ వరస ఏ గున్నమ్మదో మాత్రం పోయింది. అప్పలసూరి నెల మొదట్లో గేటు దగ్గరకి ఎవరు ముందొస్తే వాళ్ళ పేరు ముందు రాస్తాడు. అందుకని ఒక నెల పైనున్న గున్నమ్మ ఇంకో నెల అడుగుకి పోతుంది. రిజిస్టరు పక్కన పెట్టుకుని వరస వరసా సరిచూడటం తప్ప దారి లేదు.

శైలజ ప్రతి పేజీలో పేరు పక్కన కొత్త కాలమ్ చేర్చింది. లంచ్ బెల్లు కొట్టాక, సాయంత్రం షిఫ్టు దిగాక, డిస్పాచ్‌లో లారీ లేని గంటల్లో గిరిబాబు వచ్చి చదివేవాడు. ఆమె కొట్టేది. అప్పలసూరి గుమ్మంలో నిలబడి, అర్థంకానిచోట అర్థం చెప్పేవాడు.

"జగ్గమ్మ, కొత్తవీధి."

"కొట్టాను."

"జగ్గమ్మ, మేకలు."

"మేకలా?"

"ఆలకి మేకలుండీవమ్మా," అన్నాడు అప్పలసూరి. "మొన్న అమ్మీసినారు. అయినా మేకల జగ్గమ్మే."

"గున్నమ్మ, టైలరు. గున్నమ్మ, చింతచెట్టు. త్రినాథ్, రెండో పెళ్ళి."

శైలజ చేతులు ఆగిపోయాయి. "ఇదెలా కొట్టనండీ? హెడ్డాఫీసువాళ్ళు చూస్తారు."

"హెడ్డాఫీసోలకి నెంబరు సూపించు. ఇది మనకి," అన్నాడు అప్పలసూరి.

అదే మందు. శైలజ ఒక విడి పేజీ తయారుచేసింది. పేరూ బ్రాకెట్టూ కలిపి ఒక మనిషి, ఆ మనిషికో నెంబరు. బోరింగు అన్నా బోరింగు కాడ అన్నా ఒకే నెంబరు. ఇకమీద ఫార్ములా పేరుతో కాకుండా ఆ నెంబరుతో వెతుకుతుంది. టోకెను ఉన్నవాళ్ళకి ఈ తిప్పలు ఎప్పుడూ లేవని ఆమెకి అప్పుడు తట్టింది. వాళ్ళకి నెంబరుంది కాబట్టి కంప్యూటరు వాళ్ళని ఎప్పుడూ పోగొట్టుకోలేదు. నెంబరు లేనివాళ్ళే ఒకళ్ళలో ఒకళ్ళు కలిసిపోయి, నెంబరు సంపాదించుకునే దారి కూడా పోగొట్టుకున్నారు.

కొత్త మాక్రో రాసింది. తెలియని బ్రాకెట్టు వస్తే చెరిపెయ్యదు. పసుపురంగు పూసి, 'ఎవరు?' అని అడుగుతుంది. మొదటిసారి నొక్కినప్పుడు పేజీ మీద పదకొండు గళ్ళు పసుపుపచ్చగా వెలిగాయి. చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

"పాతది తీసెయ్యనా?" అంది గిరిబాబు మొహం చూడకుండా.

అతను కుర్చీ వెనకనుంచి వంగి, ఆమె చేతి కింద ఉన్న మౌసు తీసుకున్నాడు. ఆకుపచ్చ బొత్తాం మీద నొక్కి పట్టుకుని, ఒక క్షణం ఆగాడు.

"పదిహేను నిమిషాలు చెప్పాను కదూ దీని గురించి?"

"పదిహేనే. నేను లెక్కపెట్టాను."

"అయినా ఒప్పుకున్నావు."

"షీటుని చూసి కాదు," అంది శైలజ. అతను నవ్వి, బొత్తాం తీసేశాడు.

గురువారం సాయంత్రం నాలుగున్నరకి చివరి పేజీ సరిపోయింది. శైలజ ఏడాది పేజీ తెరిచింది. గున్నమ్మ, చింతచెట్టు: నూట పద్దెనిమిది. గున్నమ్మ, టైలరు: రెండొందల నలభై మూడు. గున్నమ్మ, బోరింగు: రెండొందల డెబ్బయ్యి ఒకటి. చుక్కలకీ దీనికీ ఒక్క రోజు తేడా.

కానీ కొత్తవీధి జగ్గమ్మ దగ్గర చూపు ఆగిపోయింది. రెండొందల ఇరవై తొమ్మిది. ఆమె పేరు మూడు రోజులుగా నోటీసుబోర్డు మీద ఉంది. మేకల జగ్గమ్మ రోజులు పట్టుకుని లిస్టులోకి ఎక్కింది. ఇప్పుడు దిగిపోవాలి.

"ఇద్దరూ ఒకే ఆటోలో వస్తారు," అన్నాడు గిరిబాబు. "గున్నమ్మా, ఈ జగ్గమ్మా."

*

శుక్రవారం పొద్దున్న శైలజ వైండింగు సెక్షన్లోకి మొదటిసారి వెళ్ళింది. లోపల మిషన్ల హోరు. గాలిలో నూగు ఎండలో ఎగురుతూ బంగారు రంగులో ఉంది. ఆడవాళ్ళు మాటలతో కాకుండా పెదాల కదలికతో మాట్లాడుకుంటున్నారు. గున్నమ్మ పోగు తెగినచోట రెండు కొసలూ పట్టుకుని, వేలితో ఒక్క తిప్పు తిప్పి ముడేసింది. ఆ ముడి ఎలా పడిందో శైలజకి కనబడనే లేదు. పక్క మిషను మీద జగ్గమ్మ.

టీ బెల్లు కొట్టి మిషన్లు ఆగాక, శైలజ ఇద్దరినీ కిటికీ దగ్గరికి పిలిచింది. ముందు గున్నమ్మకి చెప్పింది. "అప్పా, రెండొందల డెబ్బయ్యి ఒకటి వచ్చింది. నీ కేలండర్లో ఒకటెక్కువుంది."

గున్నమ్మ నుదురు ముడిచి, వేళ్ళమీద ఏదో లెక్కేసింది. "ఓలమ్మ! తుఫాను రోజు. వొచ్చినాను గానీ గేటు తియ్యనేదు. తడిసిపోయి ఇంటికెల్లి సుక్క పెట్టీసినాను. వొచ్చినాను కదా మరి!"

"అయితే సరిపోయింది." శైలజ జగ్గమ్మ వైపు తిరిగింది. "జగ్గమ్మప్పా, నీ పేరు... నీవి రెండొందల ఇరవై తొమ్మిదే. తప్పు మాది. లిస్టులోంచి..."

జగ్గమ్మ టీగ్లాసు కిటికీలో పెట్టింది.

"నాకు తెలుసు పాపా," అంది. "మా అమ్మ కాలిరిగితే ఆసాడంలో నెలరోజులు కన్నోరింటికాడే ఉండిపోనాను. కాయితం మీద నా పేరు సూసి, కంపినీవోలికి దయొచ్చినాది గావాల అనుకున్నాను."

"కంపినీకి దయొస్తాదా ఒసే!" అంది గున్నమ్మ.

"రాదని నీకు తెలుసేటి? నువ్వేటి కంపినీ అప్పవా?" జగ్గమ్మ నవ్వబోయింది గానీ నవ్వు పూర్తిగా రాలేదు. "మూడ్రోజులు మాత్రం బాగుండినాది పాపా. మా ఆయన పునుకులు కూడా తెచ్చినాడు."

గున్నమ్మ ఆమె భుజమ్మీద నూగు దులిపింది. ఒక్కసారి కాదు, లేని నూగు కూడా దులుపుతూనే ఉంది. "నీకింకా ముప్పయ్యారే కదే. ఉగాదికొచ్చిన కేలండరొకటి మా ఇంట్లో కాళీగా ఉన్నాది. ఇవేళే తీసుకుపో. కాటుక నేనిస్తాను."

"కాటుక నా కాడున్నాది. మేకులుంటే ఇయ్యి," అంది జగ్గమ్మ. ఈసారి నవ్వొచ్చింది.

*

కొత్త లిస్టు బల్లమీద పెడితే యుగంధర్ రెండు లిస్టులూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఏడు పేర్లు చేరాయి, నాలుగు పోయాయి.

"ఇదేంటమ్మా? మంగళవారం ఒక లిస్టు, శుక్రవారం ఒక లిస్టు. హెడ్డాఫీసువాళ్ళు నన్నడుగుతారు, ఎవరి తప్పు అని. నేనేం చెప్పాలి? బొత్తాం నొక్కింది నువ్వు కదా?"

"నేనే నొక్కాను సార్," అంది శైలజ.

"బొత్తాం చేసింది నేను సార్." గిరిబాబు గుమ్మంలో ఉన్నాడు. చేతిలో లారీ చలానులు, చొక్కా మీద బేళ్ళకి అక్షరాలు కొట్టే నల్లరంగు. "రెండేళ్ళ నుంచీ తప్పు నాదే. నా పేరే రాయండి."

యుగంధర్ అతన్ని చూశాడు, ఆమెని చూశాడు. "అంటే నీ తప్పు మీ ఆవిడ పట్టుకుందన్నమాట."

"అవును సార్."

"ఇంట్లోనా, ఆఫీసులోనా?"

"కల్వర్టు మీద సార్," అన్నాడు గిరిబాబు. శైలజ తల వంచుకుని మెట్టెలు చూసుకుంది.

యుగంధర్ నవ్వలేదు. జూలై రిజిస్టరు తెప్పించాడు. గున్నమ్మ కేలండరు అడిగి తీసుకున్నాడు. ఎర్ర పెన్ను పట్టుకుని, నెల మొత్తం తనే, ఒక్కో తారీకూ రిజిస్టర్లోనూ కేలండర్లోనూ చూసి టిక్కు పెట్టుకుంటూ పోయాడు. గోడగడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది. ముప్పై ఒకటో తారీకు దగ్గర పెన్ను ఆగింది.

"ఈవిడ కాటుక మన కంప్యూటరు కన్నా నయం," అని లిస్టు మీద సంతకం పెట్టాడు. పాత లిస్టుని నాలుగు మడతలు పెట్టి, చింపకుండా, సొరుగులో దాచాడు. "ఇది నాకుండాలి. ఈసారి ఎవరైనా కేలండరు తెస్తే చూసుకోవడానికి."

*

హెడ్డాఫీసు నుంచి శనివారం సాయంత్రమే సరే అని వచ్చింది. సోమవారం పొద్దున్న ఏడు గంటల షిఫ్టుకి ముందు, గేటు గదిలోనే టోకెన్లు ఇచ్చారు. ఇత్తడి బిళ్ళలు పాతవే, చింతపండుతో తోమి పెట్టినట్టున్నాడు అప్పలసూరి, ఎండకి మెరుస్తున్నాయి.

గున్నమ్మ తలంటుకుని వచ్చింది. బిళ్ళని అరచేతిలో పెట్టుకుని బరువు చూసింది, పంటితో కొరికి చూసింది, కొంగు కొసన ముడేసి, మళ్ళీ విప్పి, పిన్నీసుకి గుచ్చి తాళి పక్కన తగిలించుకుంది.

"నాలుగొందల పదహారు. ఇంక నా పేరు ఇదేనేటి సూరి మావా?"

"నెంబరు కంపినీకే," అన్నాడు అప్పలసూరి. "నాకు నువ్వు బోరింగు గున్నమ్మవే. ఎల్లు, ఎల్లు, తిన్నగా ఎల్లిపో. నిలబడతావేటి, నిన్ను పిలవాలేటి ఇంకా?"

గున్నమ్మ పదకొండేళ్ళ అలవాటున గేటు పక్కన నిలబడే ఉంది. తనే గమనించి, నాలిక కరుచుకుని, లోపలికి నడిచింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. బయట గుంపులో జగ్గమ్మ ఉంది. చంకలో చుట్టచుట్టిన కేలండరు. అప్పలసూరి అటు చూసి మొదటి పేరుగా "కొత్తవీధి జగ్గమ్మా!" అని కేకేశాడు. ఇద్దరూ కలిసే వైండింగుకి వెళ్ళారు.

స్కూటరు స్టాండు వేసి గిరిబాబు వచ్చేలోపు శైలజ స్టాఫు రిజిస్టరు ముందుకి లాక్కుంది. పెన్ను తీసి, తన వరస కోసం వేలితో వెతికింది. శైలజ (గిరిబాబు) కనబడలేదు. శైలజ (క్యాంటీన్) ఉంది. ఇంకాస్త కింద అప్పలసూరి గుండ్రటి అక్షరాలతో శైలజ (కంప్యూటరు) అని ఉంది.

"బాబయ్యా!" అంది. అప్పలసూరి బయట గుంపుని చూస్తున్నాడు, వినబడనట్టే ఉన్నాడు.

అప్పుడు ఆమె పై వరస చదివింది. చదివి, పెదవి కొరుక్కుని, చప్పున సంతకం పెట్టేసి పక్కకి జరిగింది. లోపల్నుంచి పొంగుకొస్తున్న నవ్వుని ఆపడానికి గోడ మీదున్న ఫైరు బకెట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

గిరిబాబు వచ్చి పెన్ను తీసుకున్నాడు. "ఏటి, ఏటయింది?" అంటూనే రిజిస్టర్లోకి వంగాడు. డిస్పాచ్ ఎక్కడా లేదు. అతని వరసలో ఉన్నది ఇది:

గిరిబాబు (శైలజ).

అతను ఒకటికి రెండుసార్లు చదివాడు. ఎవరైనా చూస్తున్నారా అన్నట్టు అటూ ఇటూ చూశాడు. చెవులు ఎర్రబడుతుండగా, రోజూ పెట్టేదానికన్నా కాస్త పెద్దగా, సంతకం పెట్టాడు.